అక్షరానికి 18 రూపాయలు: ఒంగోలులో అమ్మ సమాధి రాయి చెక్కించిన సంగతి

అయిదుకి మూడు నక్షత్రాలు ఇస్తున్నాను. అందులో రెండు వెనక రేకుల షెడ్డులో కూర్చుని పని చేసే మేస్త్రివి, ఒకటి రాయిది. ముందు గదిలో ఏసీ వేసుకుని కూర్చునే ఓనరు గారి ఖాతాలో ఏమీ పడలేదు. షాపు పేరు రాయడం లేదు. ఆలస్యమైనా చివరికి పని చేసిచ్చారు, ఆ మాత్రం మర్యాద ఉంచుతాను. సమాధి రాయి చేయించుకోబోయేవాళ్లకి పనికొస్తుందని మాత్రం కాస్త వివరంగా చెబుతున్నాను.

అమ్మ పోయి మార్చికి ఏడాది. మిషను ఆసుపత్రిలో ఆయాగా 31 ఏళ్లు చేసి రిటైరైంది. మొదటి సంవత్సరం జ్ఞాపకార్థ కూటం నాటికి తలవైపు రాయి నిలబెట్టాలని నేనూ తమ్ముడూ అనుకున్నాం. వాడు డల్లాస్‌లో ఉంటాడు. "అక్కా, ఖర్చు చూసుకోకు, మంచి రాయి చూడు" అన్నాడు. ఒంగోలులో ఉండి మంచి రాయికి వెతుక్కోవడమేమిటి, చీమకుర్తి మన పక్కనే ఉంది. ప్రపంచమంతా హోటళ్లలో, విమానాశ్రయాల్లో పరుచుకునే గెలాక్సీ గ్రానైటు ఇక్కడి క్వారీల్లోంచే పోతుంది. నల్లటి రాయిలో బంగారు చుక్కలు మెరుస్తుంటాయి. నిజం బంగారం కాదు, బ్రాంజైట్ అనే ఖనిజం.

ఓనరు కూడా మొదట అదే చూపించాడు. "మేడమ్, అమ్మగారి స్థాయికి గెలాక్సీయే." అమ్మ స్థాయి ఈయనకెలా తెలుసో! సరే, పాత నమూనా ఒకటి తెప్పించి ఎండలో పెట్టి చూశాను. మూడడుగుల దూరం నుంచి పెద్దక్షరాలు బాగానే ఉన్నాయి గానీ, వాక్యం దగ్గరికొచ్చేసరికి చుక్కలేవో, సున్నాలేవో తెలియడం లేదు. తెలుగంతా గుండ్రాలూ తలకట్లూ కదా. గెలాక్సీ మీద చిన్నక్షరాలు చెక్కిస్తే చదివేవాడికి కళ్లజోడు కూడా మనమే ఇవ్వాలి. నా సలహా: పేరు వరకే అయితే గెలాక్సీ, వాక్యం కూడా ఉంటే చుక్కల్లేని నల్ల రాయి. నేను రెండోదే తీసుకున్నాను. రెండడుగులు బై మూడడుగులు. రాయి మాత్రం నిజంగా బాగుంది, పాలిష్‌లో నా మొహం కనిపించింది. ఒక నక్షత్రం దానికే.

తర్వాత డిజైన్ల షీటు తెచ్చారు. లామినేషన్ చేసిన కాగితం మీద ఎనిమిది వాక్యాలు నంబర్లు వేసి ఉన్నాయి. టిఫిన్ సెంటర్లో మెనూ కార్డులాగా "ఒకటో నంబరు ఎక్కువ పోతుందండీ" అన్నాడు. ఒకటో నంబరంటే అందరికీ తెలిసిందే: "మంచి పోరాటము పోరాడితిని, నా పరుగు కడముట్టించితిని, విశ్వాసము కాపాడుకొంటిని." అమ్మ ఉన్న వరసలో పదకొండు సమాధులుంటే ఆరింటి మీద అదే వాక్యం. ఒకాయన బతికినన్నాళ్లు పెళ్లాన్ని కొట్టాడని వీధి వీధంతా తెలుసు. ఆయన రాయి మీదా మంచి పోరాటమే. ఒకటో నంబరు తీసుకుంటే పైన కిరీటం బొమ్మ ఉచితం, ఎందుకంటే తర్వాతి వచనంలో "నీతికిరీటము" ఉంది కదా.

అమ్మ ఈ విషయం ముందే తేల్చి చెప్పేసింది. చివరి నెలల్లో మంచం మీద ఉండి, పక్కింటావిడ ఎవరి సమాధి గురించో చెబుతుంటే విని, "నా మీద కిరీటం గిరీటం పెట్టించకండే. ఇచ్చేది ఆయన. మీరే పెట్టేసుకుంటే ఇంక ఆయన కూర్చోవడం దేనికి?" అంది. అపొస్తలుడైన పౌలు ఆ ఒకటో నంబరు మాట తన గురించి తను రాసుకున్నాడు. అదీ చెరసాల్లో సంకెళ్లతో, చావు దగ్గరికొచ్చిందని తెలిసి. పైగా ఆ కిరీటం "నాకు మాత్రమే కాకుండ" అని కూడా అన్నాడు. మనం పోయినవాళ్ల నోట్లో దాన్ని పెట్టి రాయి మీద చెక్కిస్తాం, తీర్పు కాగితం మనమే టైపు చేసినట్టు.

అయినా సరే, తమ్ముడికి ఒకటో నంబరే కావాలి. మావయ్యకి కూడా. మావయ్య అంటే అమ్మ తమ్ముడు, పెళ్లైనప్పటి నుంచి నర్సాపురంలో బ్రదరన్ అనే క్రైస్తవ సహవాసం. మేము ఇక్కడ బాప్టిస్టులం. షాపు ముందు ప్లాస్టిక్ కుర్చీల్లో మావయ్యా మా పాస్టరు గారూ కూర్చున్నాక ఇక రాయి సంగతి పక్కకి పోయింది.

మావయ్య లెక్క ఇదీ: తీర్పులు రెండు. ప్రకటన 20లో ఉన్న ధవళమైన మహాసింహాసనం అవిశ్వాసులకి. విశ్వాసులకి అది కాదు, క్రీస్తు న్యాయపీఠం వేరే. అక్కడ నరకమా పరలోకమా అన్న ప్రశ్న రాదు, అది సిలువ దగ్గరే తేలిపోయింది. అక్కడ చూసేది పని, దానికి దొరికేది బహుమానం. గ్రీకులో ఆ పీఠాన్ని బేమా అంటారనీ, ఆటల పోటీల్లో గెలిచినవాడికి దండ వేసేది కూడా అలాంటి అరుగు దగ్గరేననీ చెప్పాడు. వేళ్లు మడిచి కిరీటాలు లెక్కపెట్టాడు. అక్షయమగు కిరీటం, అతిశయకిరీటం, నీతికిరీటం, జీవకిరీటం, వాడబారని మహిమ కిరీటం. అయిదు. "మీ అమ్మకి కనీసం మూడు ఖాయం" అన్నాడు కళ్లనీళ్లతో. అక్కయ్య మీద ప్రేమ కొద్దీ అన్నమాట, దానికి నేనేమంటాను.

పాస్టరు గారు మెల్లగా "అయ్యా, మత్తయి 25లో గొఱ్ఱెలూ మేకలూ, అంటే నీతిమంతులూ శాపగ్రస్తులూ, ఒకే సింహాసనం ముందు నిలబడ్డాయి కదండీ" అన్నారు. ఆయన లెక్కలో దినం ఒక్కటే, న్యాయాధిపతి ఒక్కడే. అయితే విశ్వాసి ఆ దినాన శిక్ష కోసం నిలబడడు. "క్రీస్తుయేసునందున్నవారికి ఏ శిక్షావిధియు లేదు" అని రోమా 8 చెబుతోంది. లెక్క మాత్రం అందరూ అప్పజెప్పాలి. తర్వాత ఆయన చెప్పింది నాకు బాగా పట్టుకుంది. క్రీస్తు న్యాయపీఠం గురించి పౌలు రాసింది కొరింథువాళ్లకి. వాళ్లకి న్యాయపీఠం అంటే పుస్తకంలో మాట కాదు, ఊరి నడిబొడ్డున రాతి అరుగు. అపొస్తలుల కార్యములు 18లో రోమా అధిపతి గల్లియోను ముందుకి పౌలుని ఈడ్చుకెళ్లింది అక్కడికే. ఆ శిథిలం ఇప్పటికీ ఉంది. యోహాను 19లో పిలాతు కూర్చున్నదీ న్యాయపీఠమే, "రాళ్లు పరచిన స్థలము"లో. "రేపు తీర్పు తీర్చబోయేవాడు ఒకప్పుడు అలాంటి పీఠం ముందు ముద్దాయిగా నిలబడ్డవాడేనమ్మా" అన్నారు.

మా పక్కింటావిడ ఆర్‌సీఎం, అంటే రోమన్ కాథలిక్. ఆవిడతో చెబితే, మనిషి పోయిన క్షణాననే ఒక తీర్పు అయిపోతుందనీ, లోకాంతంలో అందరి ముందూ ఇంకోటి ఉంటుందనీ, మధ్యలో శుద్ధి కావలసినవాళ్లు ఉంటారు కాబట్టే నవంబరు 2న సమాధుల పండక్కి పూజ చెప్పిస్తామనీ అంది. అమ్మకి కూడా చెప్పిస్తానంది. చెప్పించమన్నాను, పాస్టరు గారికి తెలియదులే.

నేను ముప్పై ఏళ్లుగా ట్రెజరీలో జీతాల బిల్లులు చూస్తున్నదాన్ని. నన్ను పట్టేసింది వేరే మాట. మన తెలుగు బైబిల్లో బహుమానం అనాల్సిన చోట్ల "జీతము" అని ఉంటుంది. ప్రకటన 22లో "ప్రతివానికిచ్చుటకు నేను సిద్ధపరచిన జీతము నాయొద్ద ఉన్నది." కొరింథీ పత్రికలో కట్టిన పని నిలిస్తే "వాడు జీతము పుచ్చుకొనును." కొన్నిచోట్ల "ఫలము" అంటారు. బహుమానమంటే కప్పు, శాలువా, ఫోటో. జీతమంటే అలా కాదు, పని చేశావు, నీ పేరు మీద ఉంది, తీసుకో. అందులో గౌరవం వేరు. కానీ మత్తయి 20లో పొద్దున వచ్చినవాడికీ సాయంత్రం అయిదింటికి వచ్చినవాడికీ తలా ఒక దేనారమే, అంటే ఒక రోజు కూలే, ఇచ్చాడు యజమాని. మా ఆఫీసులో ఆ బిల్లు పెడితే ఆడిటు వాళ్లు నన్ను సస్పెండు చేయించి ఉండేవాళ్లు.

ఇదంతా రాయి దగ్గర ఉలి పట్టుకుని వింటున్నాడు మేస్త్రి. సాయిబు గారు, అరవై దాటి ఉంటాయి. తల ఎత్తకుండానే అడిగాడు: "అమ్మా, మీ దేవుడిచ్చే ఆ జీతం నెలనెలా ఇస్తాడా, ఆఖర్న ఒకేసారా?"

మావయ్య "ఆఖర్నే" అన్నాడు. పాస్టరు గారు నవ్వి ఊరుకున్నారు. సాయిబు గారు "మాకూ అంతే" అని ఉలి దులుపుకున్నాడు.

ఆ షెడ్డులో ఇంకో సంగతి చూశాను. మెట్లకి వేసే స్టీల్ గ్రే అనే బూడిదరంగు గ్రానైటు పలకల మీద గ్యాస్ మంట పెడుతున్నాడు ఒక కుర్రాడు. మంట సోకిన చోటల్లా చిటచిటమని పైపొర పేలాల్లా లేచి పడుతోంది. కాలు జారకుండా గరుకు రావడానికి అలా చేస్తారట. మంట దాటి పోయాక రాయి అలాగే ఉంది, పోయింది పైన నునుపు. కొరింథీ పత్రిక మూడో అధ్యాయం అప్పుడు గుర్తొచ్చింది: ఒకే పునాది మీద కొందరు బంగారం, వెండి, వెలగల రాళ్లతో కడతారు, కొందరు "కఱ్ఱ, గడ్డి, కొయ్యకాలు"తో కడతారు, ఆ పని ఎలాంటిదో అగ్నే పరీక్షిస్తుంది. కొయ్యకాలంటే ఏమిటో డెల్టావాళ్లని అడగాల్సిన పనిలేదు, వరి కోశాక చేలో మిగిలే మోళ్లే. నిప్పు పెడితే ఎకరా ఎంతసేపు! పని కాలిపోయినవాడికి నష్టమట, అయినా "అగ్నిలోనుండి తప్పించుకొన్నట్టు" తను మాత్రం రక్షింపబడతాడట. ఇల్లు తగలబడితే కట్టుబట్టలతో బయటపడ్డ మనిషిలాగా. అమ్మ ఈ వచనం దగ్గర ఎప్పుడూ ఆగేది. "నాకు మిగిలేదేముంటదో" అనేది. భయంతో కాదు, సంచీ సర్దుకునే మనిషి ఏం మర్చిపోయానా అనుకున్నట్టు.

ఇక అసలు గొడవకొస్తాను. తమ్ముడి మాట తీసెయ్యలేక ఒకటో నంబరుకే ఒప్పుకున్నాను, కిరీటం బొమ్మ మాత్రం వద్దన్నాను. మిషను మీద చెక్కితే అక్షరానికి 18 రూపాయలు. నేను లెక్కపెడితే 32 అక్షరాలు. ఓనరు 34 వేశాడు. "ట్టిం"లో ఒత్తు, "శ్వా"లో ఒత్తు వేరే లెక్కట! తెలుగులో ఒత్తుని విడిగా లెక్కపెట్టడం నా సర్వీసులో చూడలేదు. రెండు అక్షరాల కోసం పావుగంట వాదించాను. 36 రూపాయలే, కానీ లెక్క లెక్కే.

వాక్యాన్ని వాట్సాప్‌లో పంపాను. దాన్ని వాళ్లు అలాగే తీసుకోలేరు, కంప్యూటర్లో టైపు చేసే డీటీపీ అబ్బాయి "అను" అనే తెలుగు ఫాంట్లలో మళ్లీ కొట్టాలి. తప్పులు పుట్టేది అక్కడే. ప్రూఫు వచ్చింది. "కడముట్టించితిని" బదులు "కడమట్టించితిని" అని ఉంది. ము కొమ్ము పోయింది. ఎర్ర గీత పెట్టి పంపాను. "ఓకే మేడమ్" అని చేతులు జోడించిన బొమ్మ వచ్చింది. మూడు వారాలన్న పని అయిదో వారానికి అయిందన్నారు. వెళ్లి చూస్తే రాయి మీద నిగనిగలాడుతూ "కడమట్టించితిని". సరిచేసిన ఫైలు బదులు పాత ఫైలు మిషన్‌కి ఎక్కించారు.

ఓనరు ఏమన్నాడో తెలుసా? "ఒక్క కొమ్మే కదా మేడమ్, సమాధుల తోటలో ఎవరు చూస్తారు?"

నేను కాదు, అమ్మ చూసేది. ఏడో తరగతితో చదువు ఆపేసిన మనిషి, బైబిలు నాలుగుసార్లు పూర్తిగా చదివింది. పోయిన కొమ్ముని ఎపాక్సీ జిగురుతో సర్దుతానన్నాడు. వద్దన్నాను. రాయి ఖరీదులో సగం నన్ను భరించమన్నాడు. ఎర్ర గీత పెట్టిన మెసేజీ, తేదీ, టైము చూపించాను. తగ్గాడు. ఇంకో రాయి వాళ్ల ఖర్చే. ప్రూఫు మీద దిద్దుబాట్లు నోటిమాటగా చెప్పకండి, రాసి పంపండి, దాచుకోండి. చెక్కే ముందు రాయి మీద అంటించే స్టిక్కరు దగ్గర నిలబడి చదవండి. ఒకసారి లోపలికి దిగిన అక్షరాన్ని ఎవరూ పైకి తీయలేరు.

ఇంటికొచ్చాక అనిపించింది, మళ్లీ చెక్కించేదెలాగూ ఉంది, అమ్మ మాట ప్రకారమే చేస్తే పోలా. రాత్రి తమ్ముడికి ఫోన్ చేసి మత్తయి 10:42 అన్నాను. "గిన్నెడు చన్నీళ్లు." ఆ రెండు మాటలే, కింద అధ్యాయం, వచనం.

"అక్కా, చలివేంద్రం బోర్డులా ఉంటుందే" అన్నాడు వాడు.

నవ్వొచ్చింది. తర్వాత వాడికి కుండ గుర్తు చేశాను. వార్డు గుమ్మం పక్కన ముక్కాలిపీట మీద అమ్మ ఒక మట్టికుండ పెట్టేది. డ్యూటీ ఎక్కగానే బోరింగు కొట్టి నింపేది. అది ఆయా పని కాదు, ఎవరూ పెట్టమనలేదు. తోడు లేని రోగులు ఉంటారు కదా, పల్లెల నుంచి వచ్చి పడ్డవాళ్లు, వాళ్ల కోసం. ఆపరేషనైనవాళ్లకి తాగనివ్వకూడదు, దూది తడిపి పెదాలకి అద్దేది. నేను స్కూలు నుంచి వెళ్లి అక్కడే కూర్చుని హోంవర్కు చేసుకునేదాన్ని, అల్యూమినియం గ్లాసు గొలుసుకి కట్టి ఉండేది. ఇదేదో సేవ అని అమ్మ నోట ఒక్కసారి వినలేదు. సంఘంలో సాక్ష్యం చెప్పమంటే పిల్లల చదువుల గురించి చెప్పేది. మత్తయి 25లో నీతిమంతులు కూడా అంతే కదా, ప్రభువా, నీకు దప్పిగా ఉండడం మేమెప్పుడు చూశాం అని ఆయన్నే ఎదురడుగుతారు. గుర్తు లేదు వాళ్లకి. అలాంటివాళ్ల జీతాల బిల్లు ఎవరో ఒకరు రాసి ఉంచాలిగా. "వాడు తన ఫలము పోగొట్టుకొనడు" అని ఆ వచనం అంటోంది అదే.

తమ్ముడు కాసేపు మాట్లాడలేదు. "గ్లాసుకి సొట్ట కూడా ఉండేది" అని ఫోన్ పెట్టేశాడు.

మర్నాడు ఓనరు దగ్గరికి కాదు, నేరుగా షెడ్డులోకి వెళ్లాను. మిషను వద్దు, చేత్తో చెక్కుతారా అని అడిగాను. చేత్తో అయితే అక్షరానికి 40. సాయిబు గారు కాగితం చూసి "ఆరక్షరాలు" అన్నాడు. ఓనరు అయితే తొమ్మిది అనేవాడు, ఆరింట్లో మూడింటికి ఒత్తులున్నాయి మరి. ఆయనకి తెలుగు చదవడం కొద్దిగానే వచ్చు, అక్షరాన్ని బొమ్మలా చూస్తాడు. "ళ్లు" దగ్గర ఆగి, ఈ కింద తోక ఎంత దూరం పోవాలో గీసి చూపించమన్నాడు. సుద్దతో గీశాను. తడిగుడ్డతో తుడిచి, తన చేత్తో మళ్లీ గీసుకుని, చిన్న ఉలి తీసుకుని రాయి మీద వాలుగా ఆనించి, సుత్తితో కొట్టినట్టు కాదు, తట్టినట్టు. ఒక్కో తట్టుకి గోరంత పొడి. మిషను గాడి అడుగున చదునుగా ఉంటుంది, ఈయన గాడి లోయలా రెండు వైపుల నుంచీ దిగి అడుగున కలుస్తుంది. అందుకే రంగు వెయ్యకపోయినా సాయంత్రం ఏటవాలు ఎండలో అక్షరం దానంతటదే చదవొస్తుంది. బంగారు రంగు వెయ్యనా అని అడిగాడు. వద్దన్నాను. గంటన్నర కూర్చున్నాను, ఒకటిన్నర అక్షరం అయింది.

మధ్యలో ఓనరు వచ్చి కింద "జ్ఞాపకార్థం కట్టించినవారు" అని మా పేర్లు, కోడలు పేరు, మనవల పేర్లు, అమెరికా అని కూడా వేద్దామన్నాడు. అదీ అక్షరానికి 18. మత్తయి 6లో మనుషులకి కనబడాలని ధర్మం చేసేవాళ్ల గురించి "తమ ఫలము పొందియున్నారు" అని ఉంటుంది. 18 రూపాయల చొప్పున మా ఫలం ఇక్కడే పొందేయడం ఇష్టం లేదని చెప్పాను. ఆయనకి అర్థం కాలేదు, డిస్కౌంటు అడుగుతున్నాననుకుని 15కి దిగాడు.

బిగింపు సంగతి కూడా చెప్పాలి. మూడు వారాల పని మొత్తం ఎనిమిది వారాలైంది. కూటం శనివారమైతే శుక్రవారం సాయంత్రం ఆటోలో తెచ్చారు. సిమెంటు సరిగా ఆరకుండానే కర్రలు ఆనించి నిలబెట్టారు. వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు పక్క సమాధి మీద చెప్పులతో ఎక్కారు, దింపాను. ఎడమ అంచు దగ్గర వేలెడంత పాలిష్ లేదు. రాయి, చెక్కుడు, బిగింపు కలిపి 14,500 అయింది. అందులో 1,500 ఆపాను, ఆ అంచు సరిచేసిన రోజు ఇస్తానన్నాను. ఇప్పటికి మూడుసార్లు ఫోన్ చేశారు, డబ్బుల కోసం, అంచు కోసం కాదు. సాయిబు గారి 240 మాత్రం ఆరోజే ఆయన చేతికే ఇచ్చాను, ఓనరు ద్వారా కాదు.

తప్పు చెక్కిన రాయి షాపు బయట గోడకి ఆనించి ఉంది, మంచి పోరాటము రోడ్డువైపుకి. అమ్మేస్తారా అని మావయ్య అడిగాడు. వెనక్కి తిప్పి వేస్తే బట్టలుతుక్కునే బండగా పనికొస్తుందట, 700కి ఇస్తానన్నాడు ఓనరు. మావయ్య బేరమాడుతున్నాడు.